నాలుగవ జామున చెఱువుగట్టు

రొయ్యలచెఱువు పగలెల్ల ప్రాణవాయువును కూడబెట్టి రాత్రియెల్ల దానిని వ్యయము చేయును. నీటికి పచ్చనిచాయ నిచ్చు సూక్ష్మములైన వృక్షప్లవకములు సూర్యరశ్మి యున్నంతసేపు కిరణజన్యసంయోగక్రియచే ఆక్సిజనును విడుచుచుండుటచేత, మధ్యాహ్నము రెండు మూడు గంటలు దాటిన పిమ్మట నీటిలో అది సమృద్ధిగా నుండును. ప్రొద్దు గ్రుంకినతోడనే ఆ ప్లవకములే దాతృత్వము మాని, రొయ్యలతోడను, అడుగున పేరుకొన్న మేతశేషములను కుళ్ళజేయు బాక్టీరియాతోడను కలిసి ఆక్సిజనును పీల్చుకొన మొదలిడును. రాత్రి గడచినకొలది నిల్వ తగ్గి, సూర్యోదయమునకు ముందటి ఘడియలలో, అనగా నాలుగవ జామున, కనిష్ఠస్థితికి దిగజాఱును. వేడినీటిలో వాయువులు తక్కువగా కరగును. ముప్పది డిగ్రీల మంచినీటిలో లీటరునకు సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించి ఆక్సిజను నిలువదు. ఉప్పునీటిలో అంతకంటెను తక్కువ. నీటిలోని ఆక్సిజను మూడు మిల్లీగ్రాములకు దిగువనకు పడినచో రొయ్య నీరసించును. ఇంకను తగ్గినచో ఊపిరాడక నీటిపైకి వచ్చును. రొయ్య తేలినదన్న మాట చెవిని పడినంతనే రైతు గుండె జల్లుమనుట అందువలననే. నాలుగు నెలల మేతయు, డీజిలును, అప్పును ఒక్క గంటలో నీటిపాలగు ఘడియ యది.

నరసాపురము మొదలు పేరుపాలెపు సముద్రతీరము వఱకు వరిచేలకును కొబ్బరితోటలకును పేరుపడిన ఈ మొగల్తూరు ప్రాంతమున, 1990 దశకమున టైగరురొయ్యయు, 2009లో మనదేశమున అనుమతి పొందిన పిదప వనామీరొయ్యయు వ్యాపించినప్పటినుండి, ఈ నాలుగవ జాము ఎన్నో కుటుంబములకు నిత్యపరీక్షాసమయమైనది. గట్టుమీది మకాములో నడుము వాల్చిన కాపలాదారుడు నీటిలోనికి గాలిని కలుపు ఏరియేటర్ల చక్రముల చప్పుడు ఆగునేమోనని నిద్రలోను చెవి యొగ్గియే యుండవలెను. కరెంటు పోయినచో లేచి పరుగున జనరేటరును నడపవలెను. పగలెల్ల మబ్బుపట్టి ప్లవకములు తమ పని చేయలేకపోయిన నాటి రాత్రి మఱింత మెలకువతో నుండవలెను. తెల్లవాఱిన పిమ్మట మేత చల్లుట, చెక్ ట్రేలు ఎత్తి చూచుట, నీటిని పరీక్షకు పంపుట మొదలైన పగటిపనులు యథాప్రకారము అతనికొఱకు వేచియుండును. ఇట్లు మాసములతరబడి సాగిన కాపలావలన అతని మోమున కనబడు జడత్వమును సోమరితన మనియో, కల్లుపాకకు పోవుటవలని ఫలమనియో తేలికగా తీసివేయువారిని చాలమందిని చూచితిని. నిద్రావిజ్ఞానము గత శతాబ్దమున కూడబెట్టిన జ్ఞానమును ఆ గట్టుమీదికి కొనిపోయి చూచినచో, అతని అలసట నీటిలోని ఆక్సిజను వలెనే కొలతకు లోబడిన సంగతియనియు, దానికి కారణములున్నట్లే నివారణోపాయములును కలవనియు తెలియగలదు.

చెఱువునకు ఏది గడ్డుఘడియయో మనుష్యదేహమునకును దాదాపుగా అదియే గడ్డుఘడియ. మన దేహాంతరోష్ణము దినమంతయు ఒక్కతీరున నుండదు. సాయంకాలమున గరిష్ఠమునకు చేరి, రాత్రి క్రమముగా దిగి, వేకువను నాలుగైదు గంటల ప్రాంతమున, సాయంకాలముకంటె ఇంచుమించు ఒక డిగ్రీ తక్కువగా, కనిష్ఠస్థితిని పొందును. మెదడు నడుమ బఠాణీగింజ కంటెను చిన్నదైన పీనియల్ గ్రంథి చీకటిపడినప్పటినుండి మెలటోనిన్ అను హార్మోనును స్రవించుచు, ఇది రాత్రియను వర్తమానమును రక్తముద్వారా సర్వావయవములకును అందజేయుచుండును. ఈ రెండును కలిసిన ఆ వేకువజామున మనిషి చురుకుదనము, చేతి నేర్పు, ప్రమాదమును గుర్తించు శక్తి అన్నియు అట్టడుగున నుండును. చెఱువు తన కాపరినుండి అత్యధికజాగరూకతను కోరు సమయమునకే కాపరి దేహము దానిని అతిస్వల్పముగా ఈయగలుగుచున్నది. ఇందులో అతని దోషమేమియు లేదు.

ఈ లయ బయటి వెలుగుచీకట్లకు ప్రతిధ్వని మాత్రమే కాదనియు, ప్రాణికోటి లోపలనే ఒక గడియారమున్నదనియు మొదట సూచించినది ఒక మొక్క. మన ఊళ్ళలో నీడకై పెంచు నిద్రగన్నేరు సాయంకాలమున ఆకులు ముడుచుకొనుట అందఱెఱిగినదే; చింతచెట్టును అట్లే చేయును. 1729లో ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడగు డి మెరాన్ అత్తిపత్తి జాతి మొక్క నొకదానిని ఎడతెగని చీకటిలో నుంచి చూడగా, సూర్యుడెన్నడు కనబడకున్నను అది వేళకు ఆకులు విప్పుచు, వేళకు ముడుచుచునే యుండెను. మనుష్యులయందు ఆ గడియారము కండ్లనుండి వచ్చు నాడులు ఒకదానినొకటి దాటుచోటికి సరిగా పైన, సుమారు ఇరువదివేల నాడీకణములు గల చిన్న గుంపులో నున్నది. ప్రతి కణములోను కొన్ని జన్యువులు ప్రొటీనులను తయారుచేయుటయు, ఆ ప్రొటీనులు పోగుపడి తమ్ము పుట్టించిన జన్యువులనే అణచివేయుటయు, అవి క్షీణించిన పిదప జన్యువులు మరల మేల్కొనుటయు ఒక చక్రముగా ఇరువదినాలుగు గంటలకొకమాఱు నడచును. ఈగలయందు ఈ రహస్యమును విప్పిన జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అను మువ్వురకు 2017లో నోబెల్ బహుమానము లభించినది. మనుష్యుని గడియారము సగటున ఇరువదినాలుగు గంటలకంటె పదినిమిషములు అటునిటుగా ఎక్కువ తీసికొనును గనుక, దానిని ప్రతిదినము సరిదిద్దుటకు ఉదయపు వెలుతురు కావలసియున్నది. ఆ వెలుతురును పట్టి గడియారమునకు అందజేయునవి చూపునకు పనికివచ్చు సామాన్యకణములు కావు. కంటితెఱలో వేఱుగా నున్న కొన్ని కణములు. వీనికి నీలిచాయగల కాంతి మిక్కిలి ప్రీతి; ఆకాశమునుండియు తెల్లని ఎల్.ఇ.డి. దీపములనుండియు సెల్‌ఫోను తెఱలనుండియు వచ్చు కాంతిలో అదియే విశేషముగా నుండును.

గోదావరిసీమలో ఈ దేహలయకు మఱియొక సాక్ష్యమున్నది. ఏనుగుకాలు వ్యాధికి కారణమగు ఫైలేరియా క్రిముల పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళములలో దాగియుండి, రాత్రి పది గంటలు మొదలు రెండు గంటల వఱకు చర్మపురక్తములోనికి గుంపులుగా వచ్చును. వానిని వ్యాపింపజేయు క్యూలెక్సు దోమయు ఆ వేళనే కుట్టును. ఆరోగ్యశాఖవారు రాత్రివేళ ఇంటింటికి వచ్చి నిద్రలోనున్నవారిని లేపి వ్రేలినుండి రక్తపుచుక్క తీసికొనిపోవుట డెల్టాలో పెద్దలు చాలమందికి జ్ఞాపకమే. ఈ రాత్రిసంచారమును పందొమ్మిదవ శతాబ్దపు చివరిపాదమున చైనాలోని అమోయ్ రేవులో పనిచేయుచుండిన వైద్యుడు ప్యాట్రిక్ మాన్సన్ కనుగొనెను. రోగి పగలు నిద్రించి రాత్రి మేలుకొనుటకు అలవాటుపడినచో కొన్నాళ్ళకు ఆ క్రిములును తమ వేళను తలక్రిందుచేసికొనునని తరువాతివారు తెలిసికొనిరి. మన గడియారము మాఱినదో లేదో మనలో కాపురమున్న పరాన్నజీవి సైతము ఎఱుగును!

గడియారము కథలో సగము మాత్రమే. మిగిలిన సగమునకు ఈ జిల్లాతో ఒక బంధుత్వము కలదు; కావున కొంత నిలిచి చెప్పవలసియున్నది. ఇప్పటి పశ్చిమగోదావరి జిల్లాకు కేంద్రమైన భీమవరమున 1895లో జన్మించి, రాజమహేంద్రవరమునను చెన్నపట్టణమునను చదివి, బీదఱికముతోడను, ఇంటివారిని పొట్టనబెట్టుకొన్న స్ప్రూ వ్యాధితోడను పోరాడి, అమెరికాలోని హార్వర్డు వైద్యకళాశాలకు చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి కండరములలోని భాస్వరపు సమ్మేళనములను శోధించుచు, 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఎ.టి.పి. అను అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వెలికిదీసెను. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రముగా దానినే కనుగొనెను. కండరము ముడుచుకొన్నను, గుండె కొట్టుకొన్నను, మెదడు ఒక ఆలోచన చేసినను అందు వ్యయమగునది ఈ ఎ.టి.పి.యే, జీవులెల్ల చెల్లించు నాణెమిది. నాణెము ఖర్చయినప్పుడు మూడు భాస్వరపు ముక్కలును ఊడిపోగా చివరకు మిగులునది అడినోసిన్.

సుబ్బారావు 1948లో కాలధర్మము నొందెను. ఆయన వెలికిదీసిన ద్రవ్యపు శేషమే మనలను నిద్రకు ఈడ్చు శక్తులలో ముఖ్యమైనదని తెలియుటకు ఇంక అర్ధశతాబ్ది పట్టినది. మెలకువగా నున్న పిల్లుల మెదడు పూర్వభాగపు అడుగున అడినోసిన్ గంటగంటకు పేరుకొనుటయు, నిద్రించినచో తగ్గిపోవుటయు 1997లో ప్రకటితమైనది. పనిచేసిన మెదడు తాను ఖర్చుపెట్టిన శక్తికి గుర్తుగా ఈ ద్రవ్యమును పోగుచేసికొనును. అది తన గ్రాహకములను తాకినకొలది నాడీకణములు మందగించును, కనుఱెప్పలు బరువెక్కును. భీమవరపు బిడ్డ కనుగొన్న వస్తువు పొరుగున మొగల్తూరు గట్టుమీది కాపలాదారుని తలలో ప్రతిరాత్రియు ఈ విధముగా లెక్కకట్టుచున్నదను సంగతిని తలచినప్పుడెల్ల నాకు విజ్ఞానశాస్త్రముపై గౌరవము ఇనుమడించుచుండును. మన పాఠశాలలలో ఆయన పేరు ఔషధములను కనుగొన్నవాడుగా చెప్పుదురు; నిద్రనుగూర్చిన పాఠములోను ఆయనకు స్థానమున్నది.

టీనీళ్ళును కాఫీయు చేయుపని ఇచ్చట బోధపడును. వానిలోని కెఫీను కొత్తబలమును ఏమియు పుట్టింపదు. అడినోసిన్ కూర్చుండవలసిన పీటపై తాను పోయి కూర్చుండును. అడినోసిన్ పోగగుట ఆగదు. దాని ఒత్తిడి మనకు తెలియకుండుట మాత్రమే జరుగును. మింగిన కెఫీనులో సగము దేహమునుండి తొలగుటకు సుమారు ఐదుగంటలు పట్టును గనుక, వేకువ మూడు గంటలకు త్రాగిన గ్లాసెడు టీలో సగము ఎనిమిది గంటలకు, అనగా కాపలాదారుడు ఇంటికి పోయి మంచమెక్కు వేళకు, ఇంకను అతని నెత్తుటిలో తిరుగుచునే యుండును. రాత్రి మొదటిభాగమున త్రాగిన టీ అతనికి మేలుచేయును; చివరిభాగమున త్రాగినది మఱునాటి నిద్రను దొంగిలించును.

అడినోసిన్ వలని నిద్రాభారమును దేహగడియారమును పరస్పరము ఎట్లు నడచునో 1982లో స్విట్జర్లండునందు అలెగ్జాండర్ బోర్బెలీ ఒక నమూనాగా చెప్పెను. నేటికిని నిద్రావిజ్ఞానమున అదియే పునాది. సామాన్యజీవనమున రెండును ఒక్కదిక్కునకు లాగును: పగలెల్ల పెరిగిన నిద్రాభారము రాత్రికి పండును, ఆ వేళకే గడియారమును నిద్రకు తలుపు తీయును. రాత్రికాపలావానికి అవి ఎదురెదురుగా లాగును. ఉదయము ఇంటికి వచ్చునప్పటికి అతని నిద్రాభారము అధికము గనుక పడుకొన్న వెంటనే కన్నంటుకొనును. కాని నాలుగైదు గంటలలో ఆ భారము సగము దిగినంతనే, పగటివేళ మేలుకొలుపు గడియారము పదునొకండు, పండ్రెండు గంటలకు అతనిని లేపివైచును. చాల అలసియుండియు నిద్రపట్టదేమని అతడు విస్తుపోవును. ఇంటివారు పడుకొని లేచితివి గదా యని మఱియొక పని చెప్పుదురు. పగటినిద్ర రాత్రినిద్రకంటె రెండు మూడు గంటలు తక్కువగుట అన్నిదేశముల రాత్రిపనివారియందును కనబడిన సంగతియే.

దీనికి తోడు డెల్టాలోని ఉక్క. నిద్రలోనికి జాఱుటకు దేహము తన లోపలి వేడిని చర్మముద్వారా బయటకు పంపవలెను. చేతులు పాదములు వెచ్చబడుట, అచ్చటి రక్తనాళములు విప్పాఱుట నిద్రకు ముందు జరుగు పని. బయటిగాలి చర్మముకంటె చల్లగా నున్నప్పుడు ఇది సులభము. కానప్పుడు చెమట ఆఱుటయొక్కటే శరణ్యము. సముద్రపుగాలిలోని తేమచే అది ఆఱక కాఱిపోవుచుండును. వైశాఖజ్యేష్ఠములలో, ముఖ్యముగా రేకులపైకప్పుగల మకాములో, మధ్యాహ్నము పరుండినవాని దేహము తన వేడిని వదలించుకొనలేక గాఢనిద్రకు దిగనే దిగదు. ఇచ్చట ఫ్యాను చేయునది గాలిని చల్లబఱచుట కాదు, చర్మముపైని తేమను ఆఱజేయుట. కావున తడిగుడ్డతో ఒడలు తుడుచుకొని, కాళ్ళు కడిగికొని ఫ్యానుక్రింద పరుండు పల్లెటూరి అలవాటు శరీరధర్మశాస్త్రమునకు అక్షరాల సరిపోవుచున్నది. తాటాకుకప్పునకును రేకుకప్పునకును గల భేదము ఆ మకామున నిద్రించి లేచినవారి నడిగిన తెలియును. ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూటిని దేహమునకు ఉపస్తంభములుగా చెప్పిన చరకసంహిత, పగటినిద్రను సామాన్యముగా నిషేధించుచునే, రాత్రులు కుఱుచలైన గ్రీష్మమున దానిని అనుమతించినది. పనిచే అలసినవారికిని, వృద్ధులకును, బాలురకును ఏ ఋతువునందైనను మినహాయింపు నిచ్చినది. రాత్రి మేలుకొన్నవాని పగటినిద్రను చిన్నచూపు చూచుటకు మన సంప్రదాయమునందును ఆధారము లేదు.

నిద్రించిన గంటలు లెక్కకు సరిపోయినను, దాని అంగములు చెదరినచో ఫలము దక్కదు. షికాగోలో యూజీన్ అసెరిన్‌స్కీ, నతానియేల్ క్లైట్‌మన్ అనువారు 1953లో కలలనిద్రను గుర్తించినప్పటినుండి, నిద్ర ఒక్కటే గాఢత గల చీకటి కాదనియు, తొంబది నిమిషముల కొకతూరి తిరుగు ఆవృత్తముల సముదాయమనియు మనకు తెలియును. రాత్రి పూర్వభాగమున గాఢనిద్ర హెచ్చు. ఎదుగుదల హార్మోను ఆ వేళనే విశేషముగా స్రవించును, కండరములు బాగుపడును. వేకువభాగమున కలలనిద్ర హెచ్చు. జ్ఞాపకములును మనోవికారములును అప్పుడు కుదుటబడును. గంటకొకమాఱు లేచి చెఱువు చుట్టివచ్చువానికి ఏ ఆవృత్తమును పూర్తి కాదు. లేవకున్నను, లేవవలసివచ్చునేమో యను శంకయే చాలును. 1999లో జర్మనీయందు యాన్ బోర్న్ బృందమువారు చేసిన ప్రయోగమున, ఆఱుగంటలకు లేపెదమని ముందుగా చెప్పబడినవారి రక్తములో, వారింకను నిద్రించుచుండగనే, ఐదుగంటలనుండి ఒత్తిడికి సంబంధించిన హార్మోను పెరుగనారంభించెను. చెప్పకుండ లేపబడినవారియందు అట్లు కాలేదు. నిద్రలోనున్న మెదడు బాధ్యతను మఱువదని దీనివలన తేటపడినది. జనరేటరుపై మనసుంచి పరున్నవాని నిద్ర, మంచముమీది గంటలు ఎన్నియైనను, కుఱుచయే.

ఇట్లు కొద్దికొద్దిగా పోయిన నిద్ర అప్పుగా పెరుగును; విచారింపదగిన విశేషమేమన, అప్పుపడినవానికి అది తెలియదు. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఆరోగ్యవంతులను రెండు వారములు దినమునకు ఆఱుగంటలు మాత్రమే నిద్రింపనిచ్చి చూడగా, వారి ఏకాగ్రత ఒకటి రెండు రాత్రులు పూర్తిగా జాగరణము చేసినవారి స్థితికి దిగినది. కాని వారు మాత్రము తాము అలవాటుపడితిమనియే చెప్పుకొనిరి. తనకు నాలుగు గంటల నిద్ర చాలునని ధైర్యముగా పలుకు కాపలాదారుని మాటను ఈ ప్రయోగమెఱిగినవాడు నమ్మజాలడు. ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనువారు 1997లో చూపిన ప్రకారము పదునేడు గంటలు ఎడతెగక మేలుకొన్నవాని చేతిపని, రక్తములో నూటికి 0.05 పాలు మద్యమున్నవాని చేతిపనితో సమానము. అనేకదేశములలో వాహనము నడుపుటకు చట్టము విధించిన హద్దు అదియే. నీటిలో నిలిచిన ఏరియేటరునకు తడిచేతులతో కరెంటు తీగె సవరించువాడును, తెల్లవాఱగట్ల మోటారుసైకిలుపై కాలువగట్టు వెంబడి ఇంటికి పోవువాడును ఈ స్థితిలో నుందురని తలచినచో నిద్ర వారి సొంతవిషయము మాత్రమేయనుట చెల్లదు. పోలీసులు పట్టుకొని పరీక్షింపగల మత్తు కాదిది. అందుచేతనే మఱింత భయంకరము.

దేహము లోపలను ఇట్టిదే నష్టము. 1999లో షికాగోలో పదునొకండుగురు ఆరోగ్యవంతులైన యువకులను ఆఱు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రము నిద్రింపనీయగా, వారి దేహము చక్కెరను రక్తమునుండి తొలగించు శక్తి గణనీయముగా తగ్గినది. మధుమేహము ఇంటింటికి వచ్చిన కాలమిది. మందు వ్రాయుటకు ముందు నిద్రనుగూర్చి అడుగు వైద్యులు ఇంకను అరుదు.

అలసట యంతయు నిద్రలేమివలననే వచ్చునని చెప్పుట నా ఉద్దేశము కాదు. అవకాశమిచ్చినచో కునుకు పట్టుట వేఱు. ఒడలు బరువెక్కి, మెట్లెక్కిన ఆయాసము కలిగి, పడుకొన్నను నిద్రరాకుండుట వేఱు. నరసాపురపు ప్రాంతమున అల్లికపని చేయు స్త్రీలయందు ఈ రెండవది హెచ్చు. వంటయు, పిల్లలును, పశువులును ముగించుకొని, మిగిలిన సందులన్నిటను కొక్కెపుసూదితో లేసులు అల్లు ఆ స్త్రీల దినచర్యనుగూర్చి జర్మను సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక గ్రంథమే వ్రాసినది; ఇంటిపట్టున తీరికవేళ చేయు పనియను పేరున అది పనిగానే లెక్కకు రాకుండుట ఆమె ముఖ్యముగా ఎత్తిచూపిన విషయము. వారి అలసటకు మఱియొక మూలము నెత్తుటిలో నున్నది: 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్యసర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున పదునైదు మొదలు నలుబదితొమ్మిది ఏండ్లలోపు స్త్రీలలో సగముకంటె ఎక్కువమంది రక్తహీనులు. ఆక్సిజను మోయు ఎఱ్ఱకణములు చాలనప్పుడు తెల్లవాఱునప్పటి చెఱువువలెనే కండరములును ఊపిరికి తపించును. ఎంత నిద్రించినను ఆ నీరసము తీఱదు. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున ఇచ్చు మాత్రలో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లము కూడ నుండును. ఆ ఆమ్లమును 1945లో ప్రయోగశాలలో కృత్రిమముగా తయారుచేసినది లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందము. ఫైలేరియాకు వాడు హెట్రజాన్ మందును ఆ బృందపు కృషిఫలమే. అలసటలోని రెండు శాఖలకును ఈ జిల్లావాడొక్కడే మూలము వెదకినట్లయినది.

బిగ్గరగా గుఱకపెట్టుచు, నడుమనడుమ ఊపిరి ఆగి ఉలికిపడి లేచు మధ్యవయస్కుల సంగతియు ఇట్టిదే. నిద్రలో గొంతులోని మెత్తని కండరములు సడలి శ్వాసమార్గము మూసికొనిపోగా, రాత్రికి పదులసారులు మెదడు మేలుకొని ఊపిరిని మరల తెఱపించుచుండును. ఇంటిల్లిపాది గుఱకను విని అతడు సుఖముగా నిద్రించుచున్నాడనుకొందురు. అతడు మాత్రము పగలు అరుగుమీద కూర్చున్నచోటనే తూగుచుండును. మెడ లావు, రక్తపుపోటు, ఉదయపు తలనొప్పి దీనికి తోడుగా నున్నచో వైద్యపరీక్ష తప్పదు. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సలివన్ కనిపెట్టిన, ముక్కుద్వారా గాలిని ఒత్తిడితో పంపు యంత్రము దీనికి నేటికిని ఉత్తమచికిత్స. థైరాయిడ్ లోపము, అదుపులోలేని చక్కెర, మనోవ్యాకులత అనునవియు అలసటరూపమున వచ్చునవియే.

ఇంక రాత్రికాపలా తప్పనివాడు చేయగలిగినదేమి? రాత్రి విధికి పోకముందు సాయంకాలమున గంటన్నర, అనగా ఒక పూర్తి ఆవృత్తము, నిద్రించినచో వేకువనాటి భారము చాల తగ్గును. నడుమ అవకాశము చిక్కినప్పుడు ఇరువది నిమిషముల కునుకు మేలు. అంతకుమించినచో గాఢనిద్రలోనుండి లేవవలసివచ్చి కొంతసేపు దిక్కుతెలియని మాంద్యము కలుగును, ఆ క్షణమున కరెంటు పనికి పోరాదు. ఉదయము ఇంటికి పోవునప్పుడు తలపై తుండుగుడ్డ ముందుకు లాగికొని ఎండ కండ్లబడకుండ చేసికొన్నచో దేహగడియారము ఇది పగలని కచ్చితముగా తెలిసికొనలేదు; గదికి దళమైన తెఱలు వ్రేలాడగట్టి, ఫోను వేఱొకచోట పెట్టవలెను. దినమునకు ఒకే వేళ కనీసము నాలుగు గంటలు, తప్పక నిద్రించునట్లు ఏర్పాటు చేసికొన్నచో, మిగిలిన నిద్ర ఎప్పుడు పట్టినను, గడియారము ఆ నాలుగు గంటలను ఆధారముగా పట్టుకొని నిలకడగా నడచునని బ్రిటిషు పరిశోధకులు మైనర్స్, వాటర్‌హౌస్ 1980 దశకారంభమున చూపిరి. పెద్దలకు దినమునకు ఏడుగంటలకు తక్కువకాని నిద్ర కావలెనని వైద్యసంఘములు చెప్పునది రెండు ముక్కలుగానైనను పూర్తి చేసికొనవచ్చును.

అయినను ఈ సలహాలన్నియు ఒంటరికాపలాదారునికి చెప్పి ఊరకుండుట న్యాయము కాదని నా నిశ్చయము. నిద్రలేమి అతని అలవాటులోనుండి పుట్టలేదు, పనిని ఏర్పఱచిన తీరులోనుండి పుట్టినది. రెండవ పంటయగు దాళ్వాలో కాలువనీరు చాలనప్పుడు ఈ డెల్టా రైతులు వంతులవారీ పద్ధతిని పాటించి, ఎవరి వంతు ఎప్పుడో ముందుగా తెలిసియుండుటచేత ఎవరి చేనును ఎండనీయక నెట్టుకొనివత్తురు. నిద్రను కూడ అట్లే పంచవచ్చును. పక్కపక్క చెఱువులవా రిద్దఱు కలిసి కాపలాను రెండుగా విభజించి, ఒకడు రాత్రి తొమ్మిది మొదలు మూడువఱకును, రెండవవాడు మూడు మొదలు తొమ్మిదివఱకును నిద్రించునట్లు నిర్ణయించుకొన్నచో, ఒక్కొక్కనికి ఏకధాటిగా ఆఱేసి గంటలు దక్కును. మఱియొక గంట పగటికునుకుతో లెక్క పూర్తియగును. వంతు తనది కాదని రూఢిగా తెలిసినవాడు చెవి యొగ్గి పరుండనక్కఱలేదు. నీటిలోని ఆక్సిజనును కొలిచి, తగ్గినప్పుడు ఫోనునకు గంట కొట్టు పరికరములును ఇప్పుడు దొరకుచున్నవి. వానిని రొయ్యలకొఱకే కొనుచున్నారు గాని, మనిషికి దక్కు నిద్రను కూడ లాభములో చేర్చి చూచినచో వాని ధర అంత అధికముగా తోపదు.

వేకువ నాలుగవ జామున కాపలాకు వచ్చువాడు అప్పటికే ఆఱుగంటలు నిద్రించియుండవలెననునది ఇందులో ముఖ్యము. ఆ ఘడియ చెఱువునకును మనిషికిని ఒకేసారి గడ్డుఘడియ గనుక, అలసినవానిని అచ్చట నిలుపరాదు. మూడింట పరుండువానికి మాత్రము తెల్లవాఱిన పిదప మూడు గంటలు వెలుతురు తగులకుండవలెను. కావున మకాము కిటికీ తూర్పునకు కాక సముద్రపుగాలి వచ్చు దక్షిణమునకు పెట్టి, రేకుపైన తాటాకు కప్పి, దోమతెర కట్టుకొనుటకు నాలుగు రాటలు పాతించవలెను. రొయ్యల పట్టుబడి అయిపోయి, చెఱువు ఎండగట్టి, అడుగుమట్టి పగులునట్లు ఆఱబెట్టు దినములలో గట్టుమీద పనివారు ఎట్లును ఉందురు. మకాము మార్పులకు ఆ వ్యవధి చాలును, పొరుగురైతుతో వంతులు మాటాడుకొనుటకును అదియే తగిన సమయము.